పెరటి మూల రాయి

సర్వేయరమ్మ గేటు తీసుకుని లోపలికొచ్చేసరికి మేం ముగ్గురం మూడు గదుల్లో ఉన్నాం.

మా ఆయన ముందు గదిలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అరగంట నుంచీ అదే పేజీ. అమ్మాయి తన గది తలుపు వేసుకుంది. నేను వంటింట్లో ఉన్నాను. చెయ్యడానికి పనేమీ లేక, గ్యాసు సిలిండరు ఊగకుండా కింద పెట్టిన అట్టముక్కని లాగి, మడతపెట్టి, మళ్ళీ దోపుతున్నాను. ఆ మూల నేల ఎప్పుడూ కుంగే ఉంటుంది.

నిన్న సాయంత్రం అయిన గొడవ ఇంకా ఇంట్లోనే ఉంది.

"ఇంటివాళ్ళు సర్వేయరుని పంపారు. కొలిచాడు. కాగితం ఇచ్చాడు. ఇంకేం కావాలి నీకు?" అన్నారు మా ఆయన.

"స్కూటరు దిగాడా?"

"ఎవరు?"

"ఆ మహానుభావుడే. గేటు బయట స్కూటరు మీద కూర్చుని, ఫోను ఇటు తిప్పి అటు తిప్పి, అంతా కరెక్టుగా ఉందమ్మా అనేసి వెళ్ళిపోయాడు. హెల్మెట్టు కూడా తియ్యలేదు. రేపు ఏదన్నా అయితే ఎవర్ని పట్టుకోవాలి? ఆ హెల్మెట్టునా?"

అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకే ఆయనకి ఒళ్ళు మండింది.

"సోమవారం అగ్రిమెంటు పెట్టుకుని ఇప్పుడు ఇంకో సర్వేయరా? ఇంటివాళ్ళు ఏమనుకుంటారు? పంతొమ్మిదేళ్ళు అద్దెకున్నారు కదా అని ముందు మనల్ని అడిగారు. మీకు నమ్మకం లేకపోతే వేరేవాళ్ళకి అమ్ముకుంటాం అంటే ఎక్కడికి పోతాం?"

"అమ్మేవాళ్ళు పంపిన మనిషి అమ్మేవాళ్ళకి కావలసిన కొలతే కొలుస్తాడండీ. కొనేవాళ్ళం, మన మనిషిని మనం పెట్టుకోవద్దా?"

"అడుగూ అరడుగూ తేడా వస్తే ఎవరూ చచ్చిపోరు."

ఈ మాటన్నది బజార్లో గడియారాలు బాగుచేసే మనిషి. సెకను ముల్లు వెంట్రుకవాసి వెనకపడితే అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే ఆలోచించే మనిషి. నేల దగ్గరికొచ్చేసరికి మాత్రం అడుగూ అరడుగూనట.

"బ్యాంకు కాగితాల మీద మొదటి సంతకం పిల్లది" అన్నాను. "హద్దు మీది కాదని రేపెవడో వస్తే? కోర్టంటే? తిరగలేక దాని ఉద్యోగం పోతే?"

"గోడకీ ఆసుపత్రి ల్యాబులో నా ఉద్యోగానికీ ఏంటమ్మా సంబంధం?" అంది అమ్మాయి.

"ఉంటుంది. నీకు తెలీదు."

నాకూ తెలీదు. కానీ ఉంటుంది. చెడ్డవన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే వస్తాయి. నేను చూసింది అదే.

"అమ్మ అంటున్నదాంట్లో తప్పేముంది నాన్నా?" అని అమ్మాయి అనడం, "మీరూ మీరూ ఒకటి" అని ఆయన చెప్పులేసుకోవడం, "నేను మీ పక్కా కాదు, అమ్మ పక్కా కాదు" అని అమ్మాయి తలుపు వేసుకోవడం. అంతే. తెల్లారి కాఫీ ఇచ్చినా మాటల్లేవు.

ఈ సర్వేయరమ్మని తెచ్చింది నేనే. మొన్న ముగ్గురికి ఫోన్ చేసి ముగ్గుర్నీ ఒకటే అడిగాను. "మీరొస్తే ముందు ఏం చూస్తారు?" అని.

మొదటాయన, "మీకెంత కావాలో చెప్పండమ్మా, అంత చూపిస్తాను" అన్నాడు. వెంటనే ఫోను పెట్టేశాను. మనకి చూపించినవాడు రేపు పక్కవాళ్ళకీ చూపిస్తాడు కదా?

రెండో ఆయన, "గోడలున్నాయిగా, గోడలు చూస్తాం" అన్నాడు.

మూడోది ఈవిడ. "రాళ్ళు చూస్తానండీ. గోడలు మనుషులు ఎలా కావాలంటే అలా కట్టుకుంటారు" అంది. అడక్కుండానే లైసెన్సు కాగితం ఫోటో, ఇదివరకు పనిచేసిన మూడిళ్ళ నంబర్లు పంపింది. మూడిళ్ళకీ చేశాను. ఒకావిడైతే, "ఆవిడొచ్చాక మా స్థలం తగ్గిందండీ, కానీ అప్పట్నుంచీ నిద్ర పడుతోంది" అంది. ఏం మనుషులో అని నవ్వుకున్నాను కూడా.

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నాను. ఎంచుకుని నా నోటితోనే రమ్మన్నాను.

*

నలభై ఏళ్ళుంటాయి సర్వేయరమ్మకి. చీర కొంగు నడుముకి దోపి, భుజాన మూడు కాళ్ళ స్టాండు, చేతిలో గునపం, చంకలో కాగితాల గొట్టం. మంచినీళ్ళిస్తే నిలబడే తాగింది.

"పాత ప్లాను కాపీ తెచ్చాను అక్కా. నాలుగు మూలలా నాలుగు రాళ్ళుండాలి. అవి దొరికితే గంటలో అయిపోతుంది."

"దొరక్కపోతే?" అన్నాను. నాకు ముందు అదే కదా కావాలి.

"దొరుకుతాయి. భూమిలో పాతింది ఎక్కడికీ పోదు. మనుషులు తీస్తేనే."

గేటు పక్కన మట్టిలో గునపంతో పొడుచుకుంటూ పోయింది. నాలుగోచోట ఠంగుమంది. కూర్చుని, చేత్తోనే మట్టి తీసి, చిన్న బ్రష్షుతో తుడిచింది. నల్లరాయి. తలమీద ఉలితో చెక్కిన అడ్డగీతా నిలువుగీతా.

"ఇదీ గుర్తు. ఈ గీతలు కలిసినచోటే అసలు హద్దు. మిగతా రాయంతా ఉత్తదే."

మా ఆయన ఎప్పుడు లేచొచ్చారో, గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. స్టాండు మీద బిగించిన యంత్రాన్ని చూడగానే ఆయన కోపం సగం పోయింది. అద్దాలూ మరలూ ఉన్నదేదైనా సరే, ఆ మనిషికి చుట్టమే.

"ఇందులో ఈ బుడగ మధ్యకి రావాలా?" అన్నారు.

"అవునన్నా. వెంట్రుకంత పక్కకున్నా ఒప్పుకోదు."

"మంచి సరుకు" అన్నారు, పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తూ. అమ్మాయి కూడా తలుపు తీసుకుని బయటికొచ్చి టేపు చివర పట్టుకుంది. కాసేపటికి ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లో రాత్రి నుంచీ లేని మాటలు.

నేను మాత్రం ఆ రాయి దగ్గరే నిలబడిపోయాను.

అడ్డగీతా, నిలువుగీతా. ఇది నేనెక్కడో చూశాను.

ఎక్కడో ఏమిటి? పెరట్లో. పంపు కింద. రోజూ రెండు పూటలా నేను బట్టలుతికే రాయి కింది ముఖం మీద.

*

మర్చిపోయావా అంటే ఏం చెప్పను? మర్చిపోయాననే అనుకున్నాను. ఉతుకుడు రాయి ఉతుకుడు రాయే అయిపోయింది. ఏళ్ళ తరబడి ఒక్కరోజు కూడా దాని పేరు వేరేగా తలుచుకోలేదు.

మేం ఈ ఇంట్లోకి దిగిన నెలకే అమ్మాయి పడింది. అప్పటికి మూడేళ్ళు. పెరట్లో పరిగెడుతూ మూల మీద పొడుచుకొచ్చిన రాయికి తన్నుకుని బోర్లా పడింది. ఎడం కనుబొమ మీద మూడు కుట్లు. నా జాకెట్టంతా రక్తం. కన్నే పోయిందనుకున్నాను. ఆసుపత్రిలో కన్ను బాగానే ఉందని చెప్పేదాకా, గుడ్డి పిల్లని ఎలా పెంచాలా అని పెంచేశాను కూడా మనసులో.

మర్నాడు పంపు గొట్టం వెయ్యడానికి ఒక ముసలాయన వచ్చాడు. మా ఆయన కొట్లో ఉన్నారు.

"ఆ మూల రాయి పీకెయ్ నాయనా" అన్నాను.

ఆయన చుట్టూ తవ్వి ఆగాడు. "ఇది హద్దురాయిలా ఉందమ్మా. కింద బొగ్గులు పోసున్నాయి. ఇంటివాళ్ళని అడగండి."

"ఇంటివాళ్ళని అడిగితే నా పిల్లకి కన్నిస్తారా? పీకెయ్" అన్నాను.

పీకాడు. తల కిందకి పెట్టి, పంపు కింద పరిచాడు. చదునుగా, బాగా కుదిరింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

తొమ్మిదేళ్ళ కిందట పక్కింటి డ్రాయింగు మాస్టారు గోడ కట్టించుకుంటూ మా పెరట్లోకి వచ్చారు. స్కూల్లో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి, చేతిలో స్కేలు లేకుండా నడవరు.

"చెల్లెమ్మా, ఇక్కడో రాయి ఉండాలి కదా?"

రాయి తీశానని తెలిస్తే ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమంటారు. ఖాళీ చేస్తే అమ్మాయి బడి మారాలి. బడి మారితే చదువు చెడుతుంది. ఒక్క క్షణంలో అంతా కళ్ళ ముందుకొచ్చింది.

"నాకు తెలీదు మాస్టారూ. మేం వచ్చినప్పట్నుంచీ ఇక్కడ రాయేమీ లేదు" అన్నాను.

"అలాగా" అని, "మీ స్థలంలోకి అంగుళం కూడా రాకూడదు, నాకే కొంచెం తగ్గినా ఫరవాలేదు" అని, ఆయన తన వైపుకే జరిపి కట్టుకున్నారు. మిగిలిన ఆ ఖాళీని మా ఇంటివాళ్ళు ఎందుకు వదులుతారు? మర్నాడే గోడదాకా రేకులు దించి వంటిల్లు పెంచారు. పొయ్యి వెనక్కి జరిగిందని, గాలి వస్తోందని నేను సంతోషించాను.

*

"మూడు రాళ్ళు దొరికాయి" అంది సర్వేయరమ్మ పెరట్లోకి వస్తూ. "ఇక వెనక మూల ఒక్కటే."

నేను అప్పటికే పంపు విప్పాను. ఏది చేతికందితే అది బకెట్లో వేసి, రాయి మీద దుప్పటి పరిచి ఉతుకుతున్నాను.

"అమ్మా, అది నిన్న ఉతికిన దుప్పటే కదా?" అంది అమ్మాయి.

"మురికి పోలేదు."

"దణ్ణెం మీద నుంచి తీసి మరీ ఉతుకుతున్నావేంటి?"

"పోలేదన్నానా? నీ పని నువ్వు చూసుకో."

మా ఆయన సర్వేయరమ్మతో, "ఆవిడకి కంగారొస్తే ఉతుకుతుందమ్మా. పోయినసారి అమ్మాయి పరీక్షలప్పుడు కర్టెన్లు చిరిగిపోయాయి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సబ్బు చేతిలోంచి మూడుసార్లు జారింది.

గోడ వెంట గునపం దించుకుంటూ పోయింది ఆవిడ. మట్టి, మట్టి, మట్టి. ఠంగుమనలేదు.

"రాయి లేకపోయినా బొగ్గు ఉండాలి" అంది చెమట తుడుచుకుంటూ. "రాయి పాతేటప్పుడు కింద బొగ్గులు పోసేవాళ్ళు. రాయిని ఎవరన్నా ఎత్తుకుపోయినా బొగ్గు చెబుతుంది. దానికి చెద పట్టదు, కుళ్ళదు. ఇక్కడ బొగ్గూ లేదు. అంటే మూల ఇది కాదు."

"మరి?" అన్నారు మా ఆయన. నవ్వు ఆగింది.

సర్వేయరమ్మ ప్లాను మా వంటింటి గట్టు మీద పరిచింది. నా పోపుల డబ్బా ఒక చివరా, ఉప్పు సీసా ఒక చివరా బరువు పెట్టింది.

"కాగితం లెక్క ప్రకారం హద్దు గోడ దగ్గర లేదన్నా. మూడడుగులు ఇటు. అంటే మనం నిలబడ్డ చోటు."

"వంటిల్లా?"

"పొయ్యి, గట్టు, ఈ వెనక భాగం. పక్కవాళ్ళ స్థలంలో ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను. ప్లాను పాతది, ఆ రోజుల్లో గొలుసులతో కొలిచేవాళ్ళు. తొమ్మిదేళ్ళుగా నిలబడ్డ గోడని కాదనాలంటే నా చేతిలో రాయో బొగ్గో ఉండాలి."

"లేకపోతే?"

"పక్కాయన్ని పిలవండి. నేనేం చూశానో ఆయనకీ ఇదే చెబుతాను. గోడే హద్దని ఆయన ఒప్పుకుని సంతకం పెడితే, నా రిపోర్టులో అలాగే రాస్తాను. సోమవారం మీ అగ్రిమెంటు ఆగదు. ఒప్పుకోకపోతే ఆగుతుంది."

మా ఆయన వంటింటి గుమ్మంలోంచి, పంపు దగ్గరున్న నావైపు తిరిగారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"చూశావా?" అన్నారు నెమ్మదిగా. "స్కూటరు దిగకుండా వెళ్ళినవాడే నయం కదూ?"

*

మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు. సంతకం అంటే ఆయనకి పెద్ద పని. జేబులో రెండు పెన్నులు.

"ఏం గడియారం గారూ, మొత్తానికి ఇంటివారవుతున్నారన్నమాట!" అన్నారు మా ఆయనతో. ఆ మాటకి మా ఆయన నేల చూపులు చూశారు.

సర్వేయరమ్మ దాచకుండా అంతా చెప్పింది. మూడడుగులు మీవి కావచ్చు, కాకపోవచ్చు, రాయి దొరకలేదు, మీరు ఒప్పుకోనక్కర్లేదు, కావాలంటే మీరూ ఒక సర్వేయరుని పెట్టుకోండి, అంది.

మాస్టారు ప్లాను మీదకి వంగి కళ్ళజోడు సర్దుకున్నారు. గీతలంటే ఆయనకి ప్రాణం. వేలితో తాకకుండా గాల్లోనే ఆ గీత వెంట పోయారు.

"రాయి లేదమ్మా ఇక్కడ. గోడ కట్టేటప్పుడే అడిగాను. మొదట్నుంచీ లేదని చెల్లెమ్మే చెప్పింది" అన్నారు.

నా చేతిలో దుప్పటి నీళ్ళు కారుతోంది. పిండడం మర్చిపోయాను.

"పంతొమ్మిదేళ్ళ ఇరుగుపొరుగు. ఆవిడ మాటకంటే నాకు ఈ కాగితం ఎక్కువా? ఎక్కడ పెట్టాలి సంతకం?"

అప్పుడే గోడ అవతల నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ముందు గదిలోంచి గట్టిగా.

"ఏవండీ! పెరట్లో ఎండ వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది!" అని ఇక్కణ్ణుంచే అరిచారు మాస్టారు.

రెండేళ్ళుగా ఆవిడ చక్రాల కుర్చీలోనే ఉంటోంది. ఇంట్లోంచి పెరట్లోకి పోదామంటే వెనక నాలుగు మెట్లు. పక్క సందులోంచి పోదామంటే గోడకీ ఇంటికీ మధ్య కుర్చీ పట్టదు. ఒకసారి ఇరుక్కుపోతే మా ఆయనే వెళ్ళి వెనక్కి లాగారు. అందుకని రోజూ ఆవిడ లోపల్నుంచి అడుగుతుంది, ఎండ వచ్చిందా, బంతి మొక్క మొగ్గ వేసిందా అని. ఈయన బయట నుంచి చెబుతారు. రోజూ వింటాను ఉతుకుతూ. పాపం అనుకుంటాను.

"సందు మరీ ఇరుకైపోయిందమ్మా" అన్నారు మాస్టారు సర్వేయరమ్మతో, పెన్ను మూత తీస్తూ. "అప్పుడు తెలీలేదు. ఎవరికి తెలుస్తుంది చెప్పండి, మనిషికి రేపు ఏమవుతుందో?"

నాకు తెలుస్తుందండీ. రేపు ఏమవుతుందో రోజూ నేనే కదా ముందు అనుకునేది. దొంగలు, నిప్పు, జబ్బు, కోర్టు, అన్నీ అనుకున్నాను. నావల్ల ఇంకొకరికి ఏమవుతుందో అది ఒక్కటి అనుకోలేదు.

సర్వేయరమ్మ కాగితం ఆయన ముందు పెట్టి చెయ్యి కడుక్కోవడానికి పంపు దగ్గరికొచ్చింది. నేను పక్కకి జరగలేదు.

"కొంచెం జరగండక్కా."

జరగలేదు.

ఆవిడ నా ముఖం చూసింది. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది. ఆవిడ నన్నడగడానికి రాలేదు, చెయ్యి కడుక్కోవడానికే వచ్చింది. కానీ అడిగినట్టే అయింది.

"మాస్టారూ" అన్నాను. "మాస్టారూ, సంతకం పెట్టకండి."

*

గునపంతో ఎత్తి, రాయిని తిరగేసింది అమ్మాయి. అడుగున పట్టిన బురదని సర్వేయరమ్మ బ్రష్షుతో తుడిచింది. అడ్డగీత. నిలువుగీత.

విప్పిన పంపు కారుతూనే ఉంది.

"ఎప్పుడు?" అన్నారు మా ఆయన.

"పిల్ల పడిన మర్నాడు."

అమ్మాయి చెయ్యి దానంతటదే ఎడం కనుబొమ మీదకి వెళ్ళింది.

"పంతొమ్మిదేళ్ళు! నాతో ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే మీరు ఇంటివాళ్ళకి చెబుతారని."

"మాస్టారు అడిగినప్పుడు?"

"భయమేసింది."

"నీకు ఎప్పుడు వెయ్యలేదు భయం? ఏ రోజు వెయ్యలేదో చెప్పు!"

మాస్టారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. రెండోసారి తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నారు. నావైపు చూడలేదు. "నువ్వు లేదన్నావు కదమ్మా" అన్నారు, అంతే. చెల్లెమ్మా అనలేదు. అన్నాళ్ళలో అది మొదటిసారి.

సర్వేయరమ్మే ముందుగా తేరుకుంది.

"అక్కా, రాయి దొరికింది కానీ, కదిలించిన రాయికి విలువ లేదు. అది ఉన్న చోటుకే విలువ. ఎక్కడుండేదో గుర్తుందా?"

"గుర్తుండదు" అన్నారు మా ఆయన వెంటనే. "నిన్న పెట్టిన తాళాలు ఎక్కడున్నాయో గుర్తుండదు దానికి. అప్పుడు పెరడంతా ఖాళీ నేల. ఇప్పుడు ఎక్కడని చెబుతుంది?"

అలా అంటూ నా కళ్ళల్లోకి చూశారు. రాత్రి నుంచీ చూడని మనిషి. గుర్తులేదని చెప్పు అంటున్నాయి ఆ కళ్ళు. ఒక్క మాట, తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది. సోమవారం సోమవారంలాగే వస్తుంది. పిల్లకి ఒక నీడ. నాకు నా పొయ్యి.

"చెప్పమ్మా" అంది అమ్మాయి. ఏం చెప్పమంటోందో దాని గొంతులో తెలియలేదు.

గోడ అవతల నుంచి మళ్ళీ, "ఏవండీ! ఇంకా అవలేదా? ఎండ పోతుందేమో!"

ఈసారి మాస్టారు జవాబు చెప్పలేదు.

నేను తడికాళ్ళతో వంటింట్లోకి నడిచాను. అందరూ వెనకే వచ్చారు. సిలిండరుని రెండు చేతులా పట్టుకుని పక్కకి జరిపాను. కింద, నలిగి నల్లబడిన అట్టముక్క. అది తీశాను. గచ్చు పళ్ళెంలాగా గుంటపడి ఉంది.

"ఎన్నిసార్లు పూడ్చినా ఇక్కడ కుంగుతుంది" అన్నాను. "కింద పాత గొయ్యి ఉంది. తొమ్మిదేళ్ళ నుంచీ ఈ సిలిండరు ఊగుతూనే ఉంది."

మా ఆయనకి తెలుసు ఆ ఊగడం. పేలుతుందేమోనని నేను గోల పెడితే ఆ అట్టముక్క కత్తిరించి ఇచ్చింది ఆయనే.

సర్వేయరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గచ్చు మీద వేలితో కొట్టి విన్నది. లేచి టేపు తీసి గోడ నుంచి పట్టింది. "మూడడుగుల రెండంగుళాలు" అంది తనలో తనే. "ఇక్కడ తవ్వాలి. కింద బొగ్గుంటే ఇక మాటే లేదు."

"తవ్వడానికి వీల్లేదు."

మా ఆయన గుమ్మంలోంచి లోపలికొచ్చి సరిగ్గా ఆ గుంట మీద నిలబడ్డారు. చెప్పుల్లేని రెండు కాళ్ళూ అందులో ఆనించి.

"ఇంకా ఇది మన ఇల్లు కాదు. ఇంటివాళ్ళ గచ్చు. వాళ్ళకి చెప్పకుండా పగలగొడితే సోమవారం కాదు, ఇవాళే సామాను బయట పెట్టిస్తారు. మాస్టారూ, మీరైనా చెప్పండి."

మాస్టారు తలెత్తి ఆయన్ని చూశారు. "నేనేం చెప్పాలి గడియారం గారూ? ఇన్నాళ్ళూ నాకు చెప్పిందే విన్నాను" అన్నారు.

సర్వేయరమ్మ గునపం గోడకి ఆనించింది. "మీలో మీరు తేల్చుకోండి. నేను ఆగుతాను. కానీ అక్కా, చూసింది మాత్రం రాయకుండా ఉండలేను" అంది.

అమ్మాయి వెళ్ళి ఆ గునపం అందుకుంది. మూడేళ్ళ పిల్లగా ఏ చోట రక్తం కారిందో ఆ చోటుకొచ్చి, వాళ్ళ నాన్నకి ఎదురుగా నిలబడింది. కనుబొమ మీద మచ్చ ఎర్రగా కందింది.

"సంతకం నాది నాన్నా. ఎక్కడిదాకా మనదో తెలియకుండా నేను పెట్టను. జరుగు."

అడుగూ అరడుగూ తేడాకి ఎవరూ చచ్చిపోరన్న మనిషి, అరడుగు కూడా కదల్లేదు.